తప్పుల పుస్తకం

(మా లెక్కల మాస్టారి వర్ధంతి సభలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారికి ఉపన్యాసాలు గిట్టేవి కావు. ఎవరైనా పది నిమిషాలకు మించి మాట్లాడితే, "చెప్పింది చాలు, పలక మీద చేసి చూపించు" అనేవారు. ఆయన పేరు మీదే ఉపన్యాసం చెయ్యమన్నారు కాబట్టి, ఆయన మాట కొంతైనా నిలబెడదామని ఒకే ఒక్క లెక్క తెచ్చుకున్నాను. అరకు మూడో వంతు కలిపితే ఎంత? ఈ సాయంత్రమంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతాను.

నేను బతుకుతెరువుకు డిజిటల్ కోర్సులు తయారు చేస్తాను. ఏ విద్యార్థికి తగిన పాఠం ఆ విద్యార్థికి అందించడం అన్నది ఇప్పుడు మా రంగంలో పెద్ద మాట. క్లౌడ్, డ్యాష్‌బోర్డు, అడాప్టివ్ లెర్నింగ్ అంటూ పేర్లు చాలా ఉన్నాయి. పేర్లు కొత్తవి, పని పాతది. ఆ పని నేను మొదట చూసింది ఇప్పుడు మనం కూర్చున్న ఈ బడిలోనే, నీలం అట్ట వేసిన ఒక పొడుగాటి పుస్తకంలో.

ఒక గది, ఐదు తరగతులు

మనది ఏకోపాధ్యాయ పాఠశాల. గది ఒకటి, తరగతులు ఐదు, మాస్టారు ఒక్కరు. ఒకటో తరగతి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుతుంటే, మూడో తరగతి ఎక్కాలు వల్లెవేస్తుంటే, ఐదో తరగతికి బోర్డు మీద భిన్నాలు నడిచేవి. అందరికీ ఒకే పాఠం చెప్పే వీలు ఆయనకు ఏనాడూ లేదు. కాబట్టి ఎవడికి ఏది రాదో గుర్తుపెట్టుకోవడమే ఆయన ఉద్యోగమైంది.

ఓ రోజు నేను 1/2 + 1/3 = 2/5 అని రాశాను. పైవి పైవి, కిందవి కిందవి కలిపేశాను. మాస్టారు ఇంటూ పెట్టలేదు. "ఎలా చేశావురా?" అని అడిగారు. చెప్పాను. "అర ఎక్కువా, 2/5 ఎక్కువా?" అన్నారు. నాకు తెలియలేదు. ఆ నీలం పుస్తకం తీసి నా పేరు, తేదీ, నా తప్పు లెక్క ఉన్నదున్నట్టు రాసుకున్నారు. తర్వాత ఒక కాగితం ఇచ్చి నిలువుగా సగానికి మడవమన్నారు. విప్పి, అడ్డంగా మూడు మడతలు పెట్టమన్నారు. విప్పితే ఆరు గళ్ళు. అరలో మూడు గళ్ళు, మూడో వంతులో రెండు గళ్ళు. మొత్తం ఐదు. ఆరింట ఐదు! క.సా.గు. అన్న మాట అప్పటికింకా నా చెవిన పడలేదు గానీ, దాని రూపం మాత్రం నా చేతుల్లో ఉంది.

వారం తర్వాత మళ్ళీ అలాంటి లెక్కే అడిగారు. సరిగ్గా చెప్పాను. అయినా పుస్తకంలో గీత కొట్టలేదు. ఇంకో పదిహేను రోజులు ఆగి మళ్ళీ అడిగి, అప్పుడు కొట్టారు. రెండుసార్లు, మధ్యలో ఎడం ఉంచి, సరైన జవాబు వస్తేనే ఆ తప్పు పోయినట్టు. మేం దాన్ని తప్పుల పుస్తకం అనేవాళ్ళం. కొత్త పిల్లలు దాన్ని చూసి భయపడేవారు, పాతవాళ్ళు తమ పేరు మీద గీత పడే రోజు కోసం చూసేవారు.

ఈ కోరిక ఎంత పాతది

ఎవడికి తగిన పాఠం వాడికి చెప్పడం మాస్టారు ఒక్కరి తెలివి కాదు. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. తెలుగు, కన్నడం మాట్లాడే ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని లెక్క చెప్పాడు. అక్కడి బోధనలో చాలా లోపాలు ఎత్తి చూపుతూనే, ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు చెప్పే పద్ధతిని మెచ్చుకున్నాడు. అంతకు ముందే, 1797లో, మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమంలో చేసిన ప్రయోగం మీద ఆండ్రూ బెల్ పుస్తకం అచ్చువేసి, ఈ పద్ధతినే ఇంగ్లండుకు మోసుకెళ్ళాడు. మన వీధిబడిలో ఎవడి పాఠం వాడిదే. తరగతి అన్న పెద్ద గంప తర్వాత వచ్చింది. అందరినీ ఆ గంపలో వేశాక, ఒక్కొక్కరిని మళ్ళీ విడిగా చూడడం ఎలాగన్న ప్రశ్న పుట్టింది.

ఆ ప్రశ్నకు యంత్రంతో జవాబు వెదికినవాళ్ళలో బి.ఎఫ్. స్కిన్నర్ ముఖ్యుడు. 1953లో ఆయన తన కూతురి లెక్కల తరగతికి వెళ్ళి కూర్చున్నాడు. రెండు సంగతులు ఆయనను కలవరపెట్టాయి. అందరూ ఒకే వేగంతో నడవాలి. చేసింది తప్పో ఒప్పో మర్నాటిదాకా తెలియదు. ఆయన బోధనా యంత్రం ఆ చిరాకులోంచి పుట్టింది. 1984లో బెంజమిన్ బ్లూమ్ ఇంకో సంచలనం లేపాడు. ఒక్కో పిల్లవాడికి ఒక్కో గురువును పెడితే, వాళ్ళలో మామూలు పిల్లవాడు సాధారణ తరగతిలోని నూటికి 98 మందిని దాటిపోతాడన్నాడు. అందరికీ తలా ఒక గురువును పెట్టలేం కదా, ఆ ఫలితాన్ని తరగతిలోనే తెచ్చే దారి ఏదన్నది ఆయన వేసిన ప్రశ్న.

తర్వాతి పరిశోధకులకు అంత పెద్ద తేడా కనబడలేదు. 2011లో కర్ట్ వాన్‌లేన్ ఈ అధ్యయనాలన్నీ పోగుచేసి చూశాడు. జవాబు మాత్రమే చూసి తప్పొప్పులు చెప్పే కంప్యూటరు పాఠం ప్రభావం 0.31 ప్రామాణిక విచలనం. లెక్కలో ఒక్కో అడుగునూ చూసి సాయం చేసే పాఠం ప్రభావం 0.76. పక్కన కూర్చుని చెప్పే మనిషిది 0.79. మనిషికీ యంత్రానికీ మధ్య తేడా దాదాపు లేదని చాలామంది ఇందులోంచి చదువుకున్నారు. నాకు కనబడింది వేరు. పెద్ద తేడా ఉన్నది జవాబును చూడటానికీ అడుగును చూడటానికీ మధ్య. "ఎలా చేశావురా?" అన్న ప్రశ్న విలువ అది.

నా మొదటి కోర్సు

ఇదంతా తెలిసీ నేను బోల్తా పడ్డాను. ఓ పట్టణంలోని బడి కోసం భిన్నాల మీద నా మొదటి కోర్సు చేశాను. పాఠ్యపుస్తకం వరసనే తీసుకున్నాను. అధ్యాయానికి నాలుగు వీడియోలు, వీడియోకి ఐదు ప్రశ్నలు, అన్నీ దాటితే ఒక బంగారు పతకం బొమ్మ. ఎవరి వేగంతో వాళ్ళు నడవచ్చు కాబట్టి అది వ్యక్తిగత కోర్సేనని నమ్మాను. నెల తిరక్కుండా పిల్లలందరూ పతకాలు తెచ్చుకున్నారు. కాగితం మీద పరీక్ష పెడితే సగం మందికి పైగా 1/2 + 1/3 దగ్గర 2/5 అనే రాశారు.

ఏం జరిగిందో ఒక పాపే చెప్పింది. "తప్పు నొక్కితే ఎర్రగా వస్తది సార్. ఇంకోటి నొక్కుతాం. నాలుగోసారికి పచ్చగా వస్తది." ఆ పిల్లలు భిన్నాలు నేర్చుకోలేదు, నా కోర్సును నేర్చుకున్నారు. పిల్లల వేగం మాత్రమే వేరుచేసి, దారి అందరికీ ఒకటే ఉంచాను. తప్పు చేసినవాడినీ ఒప్పు చేసినవాడినీ ఒకే గుమ్మంలోంచి పంపాను. నా కోర్సులో తప్పుల పుస్తకం లేదు.

రెండోసారి కట్టిన తీరు

రెండోసారి వీడియోలతో మొదలుపెట్టలేదు. ముందు నిచ్చెన గీశాను. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ బడుల్లో ఈ నిచ్చెన పద్ధతి చాలా ఏళ్ళుగా ఉంది. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు బొమ్మ గుర్తు ఉన్న కార్డులు చేస్తారు. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో గోడ మీది నిచ్చెన చెబుతుంది. కంప్యూటరు లేని అడాప్టివ్ కోర్సు అది. తమిళనాడు ప్రభుత్వ పాఠశాలలు కూడా అక్కడి నుంచే నేర్చుకుని ఈ దారి పట్టాయి.

అరకు మూడో వంతు కలపాలంటే కింద ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టాను. సమాన భాగాలంటే ఏమిటో తెలియాలి. 1/4 కన్నా 1/3 పెద్దదని తెలియాలి. 1/2, 2/4, 3/6 ఒకటేనని తెలియాలి. ఎక్కాలు, క.సా.గు. రావాలి. హారాలు ఒకటైన భిన్నాలను కలపడం రావాలి. ఐదు మెట్లు, వాటి పైన ఆరోది ఈ కూడిక. చాలామంది ఆరో మెట్టు మీద తడబడుతున్నట్టు కనిపిస్తారు గానీ, కాలు జారింది రెండో మెట్టు దగ్గర. మన ఇళ్ళలో అర, పావు, ముప్పావు, వీసం అన్న మాటలు ఉండేవి. వీసమంటే పదహారో వంతు. ఆ మాటలతో పెరిగిన పిల్లవాడికి కింది మెట్లు ఇంట్లోనే దొరికేవి. ఇప్పుడు వాటిని మనమే కట్టివ్వాలి.

తర్వాతది ప్రశ్న. నా కోర్సులో ఎక్కువ రోజులు పట్టింది ప్రశ్నల కింద ఇచ్చే తప్పు జవాబులు రాయడానికే. 1/2 + 1/3కు నాలుగు జవాబులు పెట్టాను: 5/6, 2/5, 2/6, 1/5. 2/5 నొక్కినవాడు పైవి పైవి, కిందవి కిందవి కలిపాడు. భిన్నాన్ని అతను ఒక సంఖ్యగా చూడటం లేదు, ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు సంఖ్యలుగా చూస్తున్నాడు. 2/6 నొక్కిన పిల్లకు క.సా.గు. వచ్చు, హారం మార్చినప్పుడు లవం కూడా మారాలని తెలియదు. 1/5 నొక్కినవాడు గుణకారంతో కలగాపులగం చేశాడు. ముగ్గురిదీ తప్పే. కానీ ముగ్గురికీ కావలసిన మందు వేరు. మొదటివాడిని రెండో మెట్టుకు, రెండో అమ్మాయిని మూడో మెట్టుకు పంపాలి. మూడోవాడితో కూర్చుని మాట్లాడాలి. తప్పు జవాబును ఏదో ఒక అంకెతో నింపేస్తే, ఆ ప్రశ్న మనకేమీ చెప్పదు.

ఇక్కడి నుంచి పరికరాలు పనికొస్తాయి. అవి ఖరీదైనవి కానక్కరలేదు. గూగుల్ ఫారమ్‌లో, నొక్కిన జవాబును బట్టి వేరే భాగానికి పంపే ఏర్పాటు ఉంది. 2/5 నొక్కితే కాగితం మడత పాఠానికి, 2/6 నొక్కితే సమాన భిన్నాల పాఠానికి దారి తిప్పవచ్చు. ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామాస్ మొదలుపెట్టిన మూడుల్ అనే కోర్సుల సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఒక మెట్టు దాటితేనే పై మెట్టు తలుపు తెరుచుకునేలా షరతు పెట్టవచ్చు. ప్రశ్నల నిధిలోంచి ప్రతిసారీ కొత్త అంకెలతో లెక్క ఇవ్వవచ్చు, అప్పుడు నొక్కుకుంటూ పోయే ఆట సాగదు. దారి తిప్పిన చోట అరగంట వీడియో పెట్టకూడదు. మూడు నాలుగు నిమిషాల మాట, ఆ తర్వాత చేత్తో చేసే పని ఒకటి చాలు. కాగితం మడవడం తెర మీద బొమ్మగా చూడటం కాదు. ఫోను పక్కన పెట్టి మడవాలి.

ఇక తిరిగి అడగడం. నేర్చుకున్నది ఎంత త్వరగా జారిపోతుందో 1885లోనే హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన మీదే ప్రయోగం చేసుకుని చూపించాడు. ఎడం పెట్టి మళ్ళీ అడిగితే నిలుస్తుంది. వారం తర్వాత ఒకసారి, మూడు వారాల తర్వాత ఇంకోసారి అదే మెట్టు ప్రశ్న వచ్చేలా కోర్సులోనే తేదీలు కట్టాను. మాస్టారు గీత కొట్టే పద్ధతి అదే.

చివరిది ఉపాధ్యాయుడి పట్టిక. పిల్లలు నొక్కినదంతా క్లౌడ్‌లోని ఒక షీటులోకి వచ్చి పడుతుంది. అడ్డు వరసలో పిల్లల పేర్లు, నిలువు వరసలో మెట్లు. వచ్చినది ఆకుపచ్చ, ఊగిసలాట పసుపు, రానిది ఎరుపు. మొదట్లో ఇందులో పదిహేడు రకాల గ్రాఫులు పెట్టాను. ఏ టీచరూ చూడలేదు. ఒకామె నాతో అన్నది: "సార్, సోమవారం పొద్దున ఎవర్ని దగ్గర కూర్చోబెట్టుకోవాలో చెప్పండి, చాలు." గ్రాఫులన్నీ తీసేసి, మెట్టుకింత మందని పేర్ల జాబితా మాత్రం ఉంచాను. ఆ జాబితా వాడారు.

ఫలితాల సంగతి

ఇలాంటి కోర్సులు నిజంగా పనిచేస్తాయా? మన దేశంలోనే జవాబులున్నాయి. వడోదరలో నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు కంప్యూటరు మీద లెక్కల ఆటలు ఇస్తే, లెక్కల్లో మార్కులు గట్టిగా పెరిగాయి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం అది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే పాఠాల సాఫ్ట్‌వేర్ మీద 619 మంది పిల్లలతో జరిగిన అధ్యయనం ఇంకా లోతైనది. ఆరో తరగతి పిల్లవాడు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నాడని అది చూపింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేర పిల్లలు ముందుకు వచ్చారు. ఆ పిల్లలు రోజూ సగం సేపు కంప్యూటరు ముందు, సగం సేపు గుంపుగా ఒక టీచరు దగ్గర కూర్చున్నారు. అది మరవకూడదు. ఇంకో చేదు నిజం కూడా ఉంది. బడిలో పెట్టిన లెక్కల పరీక్షలో వాళ్ళ మార్కులు చెప్పుకోదగ్గట్టు పెరగలేదు. ఆరో తరగతి పరీక్ష మూడో తరగతి మెట్టు మీది పిల్లవాడు ఎక్కిన రెండు మెట్లను చూడలేదు. కోర్సు మారి పరీక్ష మారకపోతే ఇలాగే ఉంటుంది.

పెరూ దేశం వేల బడుల్లో పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. లెక్కల్లో, భాషలో మార్పు కనబడలేదు. పరికరం ఇచ్చారు, నిచ్చెన ఇవ్వలేదు. మన పాఠ్యపుస్తకాల మీద దీక్షా అనే ప్రభుత్వ డిజిటల్ వేదిక క్యూఆర్ కోడ్‌లు 2017 తర్వాత వచ్చాయి. అవి మంచి గ్రంథాలయం లాంటివి. గ్రంథాలయం తలుపు తెరిస్తే ఎవరికి ఏ పుస్తకం కావాలో చెప్పేవాళ్ళు కూడా ఉండాలి.

జాగ్రత్తలు

ఒకటి. ఈ పిల్లవాడు చూసి నేర్చుకునే రకం, ఆ పిల్ల విని నేర్చుకునే రకం అని విడదీసి పాఠాలు అమ్మేవాళ్ళున్నారు. 2008లో హెరాల్డ్ పాష్లర్, సహచరులు ఈ వాదానికి తగిన ఆధారాలు లేవని తేల్చారు. పిల్లలు వేరుగా ఉన్నది చెవుల్లో కళ్ళలో కాదు, నిచ్చెన మీద నిలబడ్డ చోటులో.

రెండు. మెట్టు వేరైనా చేరవలసిన అటక ఒకటే. వెనకబడిన పిల్లవాడికి ఎప్పటికీ తేలిక లెక్కలే ఇస్తూ పోయే కోర్సు, వాడిని ఆదరిస్తున్నట్టు కనిపిస్తూనే అక్కడే కూర్చోబెడుతుంది. ఒక పేరు మీద ఎరుపు నాలుగు వారాలు కదలకపోతే యంత్రం ఆగి, మనిషిని పిలవాలి.

మూడు. తప్పుల పుస్తకం మాస్టారి సొరుగులో ఉండేది. క్లౌడ్‌లోని తప్పుల పుస్తకం ఎవరి సొరుగులో ఉంది? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళ సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. పిల్లలను వెంబడించి ప్రకటనలు చూపకూడదంటుంది. కోర్సు చేసేవాళ్ళు ఊరి పేరు, కులం, ఫోను నంబరు అడిగే ముందు, భిన్నాలు నేర్పడానికి అది ఎందుకని తమను తాము అడగాలి.

నాలుగు. ఇప్పుడు అడిగిందే తడవుగా జవాబిచ్చే కృత్రిమ మేధ వచ్చింది. టర్కీలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు పిల్లలకు లెక్కల అభ్యాసంలో దాన్ని ఇచ్చి చూశారు. చేతిలో ఉన్నంతసేపు 48 శాతం మెరుగ్గా చేశారు. తీసేసి పరీక్ష పెడితే, అసలు ముట్టుకోని పిల్లల కన్నా 17 శాతం తక్కువ తెచ్చుకున్నారు. జవాబు చెప్పకుండా సూచనలే ఇచ్చేలా కట్టడి చేసినప్పుడు ఆ నష్టం చాలావరకు పోయింది. ఆ సూచనలు ఎలా తయారయ్యాయో చూడండి: పిల్లలు మామూలుగా చేసే తప్పులు ఏమిటో ఉపాధ్యాయులే రాసిచ్చారు.

క్లౌడ్ ఎందుకు

పుస్తకం ఉండగా క్లౌడ్ ఎందుకని అడగవచ్చు. మాస్టారికి బదిలీ అయిన రోజు నాకు గుర్తుంది. నీలం పుస్తకం ఆయన పెట్టెలో వెళ్ళిపోయింది. కొత్త మాస్టారు మంచివారే, కానీ మమ్మల్నందరినీ మొదటి నుంచి తెలుసుకోవడానికి ఏడాది పట్టింది. పాలమూరు నుంచి, సిక్కోలు నుంచి పని వెతుక్కుంటూ వెళ్ళే కుటుంబాల పిల్లలు ఒకే ఏడు రెండు బడుల్లో చదువుతారు. రెండో బడికి ఆ పిల్లవాడు ఖాళీ పలకే. వాడు ఏ మెట్టు మీద ఆగాడో వాడితో పాటు ప్రయాణం చేయగలిగితే, క్లౌడ్ అన్న మాటకు అర్థం ఉంది. పరికరాల్లో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఈ జ్ఞాపకమే.

సిగ్నల్ లేని ఊళ్ళ కోసం కొలిబ్రీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. బడిలోని ఒక చిన్న కంప్యూటరులో పాఠాలన్నీ పెట్టి, ఇంటర్నెట్ లేకుండానే పిల్లల ట్యాబులకు అందిస్తుంది. ఇంట్లో ఒకటే ఫోను, అదీ నాన్నతో పొలానికి పోతుంది అన్న చోట, ప్రశ్నలు కాగితం మీద ఇచ్చి, జవాబులు టీచరే షీటులో ఎక్కించవచ్చు. నిచ్చెన ఉంటే కాగితమైనా పనిచేస్తుంది.

ఇక నా మనవి. ఇక్కడ లెక్కలు చెప్పేవాళ్ళు, తెలుగు చెప్పేవాళ్ళు, సైన్సు చెప్పేవాళ్ళు ఉన్నారు. కోర్సు తయారీకి శిక్షణ ఎప్పుడు ఇస్తారని పొద్దున్నుంచి నన్ను అడుగుతున్నారు. శిక్షణ కన్నా ముందు ఒక పని చెయ్యండి. వచ్చే వారం చెప్పబోయే పాఠం ఒక్కటి తీసుకోండి. అందులో మీ పిల్లలు చేసే పది తప్పులు, వాళ్ళు రాసినట్టే, రాయండి. ఒక్కో తప్పు పక్కన ఆ పిల్లవాడు ఏమనుకుని అలా రాసి ఉంటాడో ఒక వాక్యం రాయండి. తెలియకపోతే వాడినే అడగండి. ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకు రండి. ఫారమ్‌లో దారులు ఎలా తిప్పాలో, షీటుకు రంగులు ఎలా వెయ్యాలో ఒక్క మధ్యాహ్నంలో నేర్పుతాను. ఆ పది తప్పులు మాత్రం నేను రాయలేను. అవి మీ తరగతి గదిలోనే ఉన్నాయి.